ఇంజనీరింగ్ పత్రాలకు ఇంగ్లీషు–స్పానిష్ అనువాదకులను వెతికి పట్టుకోవడం ఎలా? మొదటి నుంచి చివరి దాకా

"మాన్యువల్ సిద్ధంగా ఉంది, స్పానిష్‌లోకి చేసిపెట్టేవాళ్లు ఎవరైనా తెలుసా?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక పేరు చెప్పేస్తే తీరిపోయే ప్రశ్న కాదిది. ఏ దేశానికి, ఎవరు చదవడానికి, ఏ ఫైలులో అని నేను తిరిగి అడుగుతాను. చాలామంది దగ్గర ఈ మూడింటికీ జవాబు ఉండదు. పని చెడడం అక్కడే మొదలవుతుంది.

కొన్నేళ్ల కిందట నా చేతికి ఒక పంపు మాన్యువల్ అనువాదం వచ్చింది. విడిభాగాల పట్టికలో బోల్టుకూ నట్టుకూ మధ్య 'లావదోరా' అని ఉంది. స్పానిష్‌లో లావదోరా అంటే బట్టలుతికే యంత్రం. ఇంగ్లీషులో 'వాషర్' అన్న మాట చూసి అనువాదకుడు అదే అనుకున్నాడు. బోల్టు కింద వేసే వాషర్‌ను స్పెయిన్‌లో 'అరాందేలా' అంటారు, మెక్సికోలో 'రొందానా' అంటారు. అతని స్పానిష్‌లో వ్యాకరణ దోషం ఒక్కటి లేదు. కానీ పానా పట్టిన అనుభవం లేదు, అనుమానం వచ్చిన చోట అడిగే అలవాటూ లేదు. మనం వెతకాల్సింది ఆ రెండూ ఉన్న మనిషిని. కింద చెప్పేదంతా అందుకోసమే.

1. వెతకడానికి ముందు మీ పని ఏమిటో రాసుకోండి

స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. కథలకూ వార్తలకూ ఆ తేడాలు పెద్దగా అడ్డు రావు. వర్క్‌షాప్‌లో వస్తాయి. 'యాంతా' అన్న మాట చూడండి. మెక్సికోలో అది టైరు. స్పెయిన్‌లో అదే మాటకు అర్థం చక్రపు రిమ్ము. కాంక్రీటు స్పెయిన్‌లో 'ఓర్మిగోన్', మెక్సికోలో 'కొన్‌క్రెతో'. బేరింగ్‌ను స్పెయిన్‌లో 'రొదమియెంతో' అంటే, మెక్సికో మెకానిక్ 'బలేరో' అంటాడు, అర్జెంటీనాలో 'రులెమాన్' అంటారు. స్క్రూడ్రైవర్‌కు కూడా స్పెయిన్‌లో ఒక పేరు, మెక్సికోలో ఇంకో పేరు.

కాబట్టి "స్పానిష్ కావాలి" అని రాయకండి. "మెక్సికో స్పానిష్ కావాలి, చదివేది ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చేసేవాళ్లు" అని రాయండి. సరుకు చాలా దేశాలకు వెళ్తుంటే, అన్నిటికన్నా ఎక్కువ వెళ్లే దేశాన్ని ఆధారంగా పెట్టుకుని, మిగతా చోట్ల అపార్థమయ్యే మాటలను మాత్రం తప్పించమని అడగవచ్చు. అందరికీ ఒకేలా సరిపోయే స్పానిష్ అని కొందరు అమ్ముతారు. సాఫ్ట్‌వేర్ తెరలకు అది కొంతవరకు నడుస్తుంది. పనిముట్లూ విడిభాగాలూ ఉన్న మాన్యువల్‌కు సరిపోదు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. ఐరోపా సమాఖ్యలో యంత్రాల ఆదేశం 2006/42/ఈసీ ప్రకారం, యంత్రం అమ్మే దేశపు అధికార భాషలో సూచనల పుస్తకం ఉండాలి. అది అనువాదమైతే, మూల సూచనలకు అనువాదం అని దాని మీద అచ్చు వేయాలి. స్పానిష్‌లో ఆ వాక్యం 'త్రదుక్సియోన్ దెల్ మనువాల్ ఒరిహినాల్'. ఈ ఆదేశం స్థానంలోకి 2027 జనవరి 20 నుంచి 2023/1230 నియంత్రణ వస్తుంది. సూచనలను డిజిటల్ రూపంలో ఇవ్వడానికి అది చోటిస్తుంది, భాష నిబంధన మాత్రం ఉంటుంది.

టెండర్ పత్రాలు, కోర్టుకో ప్రభుత్వ శాఖకో ఇచ్చే సర్టిఫికెట్లు అయితే దారి వేరు. వాటిని అధికారిక ముద్ర ఉన్న అనువాదకుడే చేయాలని ఆ కార్యాలయం అడగవచ్చు. స్పెయిన్‌లో వాళ్లను విదేశాంగ శాఖ నియమిస్తుంది, 'హురాదో' అంటారు. అర్జెంటీనాలో 'త్రదుక్తోర్ పూబ్లికో', మెక్సికోలో 'పెరీతో త్రదుక్తోర్'. ముద్ర ఉంది కదా అని గేర్‌బాక్స్ మాన్యువల్ వాళ్ల చేతిలో పెట్టకండి. ఆ అర్హత ప్రధానంగా చట్టపరమైన పత్రాలకు సంబంధించినది. ముద్ర అవసరమా కాదా అని పత్రం తీసుకునే కార్యాలయాన్నే ముందుగా అడగండి.

వెతకడం మొదలుపెట్టే ముందు రాసి ఉంచుకోవాల్సినవి:

- ఏ దేశం, ఏ దేశాలు
- చదివేది ఎవరు: ఆపరేటరా, సర్వీస్ ఇంజనీరా, కొనుగోలు విభాగమా, తనిఖీ అధికారా
- ఏ రంగం: హైడ్రాలిక్స్, విద్యుత్తు, నిర్మాణం, యంత్రాలను నడిపించే పీఎల్‌సీ కంట్రోలర్ల సాఫ్ట్‌వేర్, ఇలా నిర్దిష్టంగా
- ఇంగ్లీషులో ఎన్ని పదాలు
- అసలు ఫైలు ఏది: వర్డ్, ఇన్‌డిజైన్, ఎక్స్‌ఎంఎల్, ఎక్సెల్, ఆటోక్యాడ్ డ్రాయింగ్
- ఎప్పటికి కావాలి, ఎందుకు అప్పటికే కావాలి
- ఇదే కంపెనీ పాత స్పానిష్ అనువాదాలు ఏమైనా ఉన్నాయా

చివరి దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాత మాన్యువల్‌లో ఒక భాగానికి ఒక పేరు, కొత్తదాంట్లో ఇంకో పేరు ఉంటే, విడిభాగాలు ఆర్డర్ చేసేవాడు రెండు వేర్వేరు వస్తువులనుకుంటాడు.

2. ఇంగ్లీషు ప్రతిని ముందు బాగు చేయండి

మూలంలో ఉన్న గందరగోళం అనువాదంలో పెరుగుతుందే గానీ తగ్గదు. ఒకే వస్తువును మూడో పేజీలో కవర్ అని, పదో పేజీలో లిడ్ అని, ఇరవయ్యో పేజీలో గార్డ్ అని రాసి ఉంటే అనువాదకుడు మూడు వస్తువులు చేస్తాడు. అతని తప్పు కాదది.

- ఒక వస్తువుకు ఒకే పేరు ఉండేలా సరిచేయండి.
- కంపెనీలో మాత్రమే తెలిసిన పొట్టి పేర్లన్నిటికీ విడమర్చిన జాబితా చేయండి.
- బొమ్మల్లో అతుక్కుపోయిన అక్షరాలను విడిగా తీసి, మార్చడానికి వీలయ్యే ఫైలు ఇవ్వండి.
- యంత్రం ఫొటోలు, విడదీసి చూపించే డ్రాయింగ్ జతచేయండి. వందమాటలు చెప్పలేనిది ఒక ఫొటో చెబుతుంది.
- ఇంజనీర్లు ఆఖరి ఆమోదం ఇచ్చాకే ప్రతిని పంపండి. సగంలో మూలం మారితే అనువాదకుడికీ మీకూ నష్టమే.

పీడీఎఫ్ మాత్రమే ఉందంటే, దాన్ని తయారుచేసిన అసలు ఫైలు కోసం ఒకరోజు ఖర్చుపెట్టి అయినా వెతికించండి. పీడీఎఫ్ నుంచి పట్టికలను మళ్లీ కట్టడానికి అంతకంటే ఎక్కువ రోజులు పడతాయి.

3. ఎలాంటి మనిషి కావాలో తేల్చుకోండి

స్పానిష్ మాతృభాషగా ఉండి, ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి చేసేవాళ్లు కావాలి. దిశ ముఖ్యం. స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి అద్భుతంగా చేసేవాళ్లు తిరగేసి చేస్తే అలాగే ఉంటుందని అనుకోకూడదు. అమెరికన్ అనువాదకుల సంఘం పరీక్ష కూడా ఏ దిశకు ఆ దిశకు విడిగా పెడుతుంది. ఎవరైనా ఆ సర్టిఫికెట్ చూపిస్తే, ఏ దిశకో చదివి చూడండి.

తర్వాత వచ్చేది పాత చర్చ: అనువాదం నేర్చుకున్న ఇంజనీరు మేలా, ఇంజనీరింగ్ నేర్చుకున్న అనువాదకుడు మేలా? నా అనుభవంలో వాడకపు మాన్యువల్స్‌కు, శిక్షణ పుస్తకాలకు రెండోవాళ్లు మేలు. వాక్యం సాఫీగా ఉంటుంది, పేర్లు పుస్తకమంతా ఒకేలా ఉంటాయి. లెక్కలతో నిండిన డిజైన్ నివేదికలకు, టెస్ట్ ప్రొసీజర్లకు మొదటివాళ్లు మేలు. ఏ రకమైనా రంగం మాత్రం కలవాలి. "టెక్నికల్ అనువాదాలన్నీ చేస్తాను" అనే మాట నాకు నమ్మకం కలిగించదు. "హైడ్రాలిక్ ప్రెస్సులు, కంప్రెషర్లు చేస్తాను, ఎలక్ట్రానిక్స్ చేయను" అన్నవాళ్ల నంబరు నేను దాచుకుంటాను.

మాట్లాడేటప్పుడు అప్పటికప్పుడు చెప్పే దుబాసీ పని వేరు, రాతపని వేరు. ఒకరు రెండూ చేయవచ్చు, కానీ ఒకటి బాగా చేస్తున్నారని రెండోది అప్పగించకండి.

4. ఎక్కడ వెతకాలి

మొదట వృత్తి సంఘాల డైరెక్టరీలు. అమెరికన్ అనువాదకుల సంఘం ఏటీఏ, అలాంటివే బ్రిటన్‌లో ఐటీఐ, స్పెయిన్‌లో అసెత్రాద్, మెక్సికోలో ఓఎంటీ, బ్యూనస్ ఐరిస్‌లో పబ్లిక్ అనువాదకుల సంఘం, వీటి సభ్యుల జాబితాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వీలున్న చోట భాషల జతతో, రంగంతో వడగట్టి చూడండి. ఏటీఏలో సైన్సు, టెక్నాలజీకి ఒక విభాగం, స్పానిష్ భాషకు ఇంకో విభాగం ఉన్నాయి. రెండిట్లోనూ ఉన్నవాళ్లతో మొదలుపెట్టడం మంచి పద్ధతి.

ప్రోజ్ డాట్ కామ్ లాంటి ఆన్‌లైన్ అనువాదకుల వేదికల్లో ఇంకా చాలామంది దొరుకుతారు. అక్కడ పని ప్రకటన వేస్తే గంటలో పదుల కొద్దీ జవాబులు వచ్చి మీద పడతాయి, వాటిలో చాలావరకు మీ ప్రకటన చదవకుండా పంపినవే. ప్రకటన వేయకుండా మీరే వెతికి ఎనిమిది మందికో పది మందికో నేరుగా రాయండి. ఆ వేదికలో అనువాదకులు ఒకరినొకరు పదాల గురించి అడిగి చర్చించుకునే చోటు ఉంది. మీ రంగపు పదాలు పెట్టి వెతికి, అక్కడ జవాబు చెప్పినవాళ్లలో ఎవరు కారణం చూపించి, ఆధారం ఇచ్చి మాట్లాడారో చూడండి. ఏ రెజ్యూమే చెప్పనిది అది చెబుతుంది.

ఏజెన్సీ ఎప్పుడు? పత్రాలు పెద్దవైనప్పుడు, భాషలు ఎక్కువైనప్పుడు, పేజీల కూర్పు కూడా వాళ్లే చేయాల్సినప్పుడు. అనువాద సేవలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17100:2015 ప్రకారం పనిచేస్తారా అని అడగండి. ఆ ప్రమాణం ప్రకారం, అనువదించినవాళ్లు కాకుండా రెండో వ్యక్తి రెండు భాషల ప్రతులనూ పక్కపక్కన పెట్టుకుని సరిచూడాలి. ఒకే మనిషి పని అయితే ఆ రెండో కన్ను మీరే ఏర్పాటు చేసుకోవాలి. ఏజెన్సీని తప్పనిసరిగా అడగాల్సిన ఇంకో మాట: "మా పని ప్రతిసారీ ఒకే అనువాదకుడికి వెళ్తుందా?"

5. మొదటి ఉత్తరం

చిన్నగా, నిండుగా రాయండి. పని ఏమిటి, ఏ దేశం, ఎన్ని పదాలు, ఏ ఫైలు, ఎప్పటికి. రెండు పేజీల నమూనా జతచేయండి. ఆ తర్వాత ఈ నాలుగూ అడగండి:

- ఈ రంగంలో ఇటీవల చేసిన పనులేమిటి? పేర్లు చెప్పనక్కర్లేదు, యంత్రం రకం చాలు.
- ఏ అనువాద సాఫ్ట్‌వేర్ వాడతారు: ట్రాడోస్, మెమోక్యూ, ఒమేగాటీ, ఇంకేదైనా?
- మీ అనువాదాన్ని సరిచూసేది ఎవరు?
- ఈ నమూనా చూశాక మమ్మల్ని అడగాల్సినవి ఏమైనా ఉన్నాయా?

నాలుగోదే అసలు పరీక్ష. "ఏమీ లేవు, రేపు మొదలుపెడతాను" అన్న జవాబు వస్తే నేను పక్కన పెడతాను. "రెండో పేజీలో ఈ కవర్, బొమ్మలో ఉన్న గార్డ్ ఒకటేనా? టార్కు విలువలకు దశాంశ బిందువు వాడమంటారా, కామానా?" అని వచ్చిందంటే సగం వెతుకులాట అయిపోయినట్టే.

6. శాంపిల్ పరీక్ష: దీని మీద సమయం పెట్టండి

ముగ్గురిని ఎంచుకుని, 250 నుంచి 300 పదాల ముక్క ఒకటి ఇచ్చి చేయించండి. డబ్బు ఇచ్చి చేయించండి. ఉచితంగా అడిగితే బాగా పని ఉన్నవాళ్లు రారు, ఖాళీగా ఉన్నవాళ్లే మిగులుతారు.

ఆ ముక్కను మాన్యువల్‌లో ఏదో ఒక చోటు నుంచి తీసి ఇవ్వకండి. చిక్కులున్న వాక్యాలను ఏరి కూర్చండి. నేను ఎప్పుడూ పెట్టేవి ఇవి.

మొదటిది 'రీప్లేస్'. 'రిమూవ్ ద కవర్, క్లీన్ ద ఫిల్టర్, రీప్లేస్ ద కవర్' అని ఒక వాక్యం. ఇక్కడ రీప్లేస్ అంటే మూతను మళ్లీ బిగించమని. పైపైన చదివినవాళ్లు 'కొత్త మూత వేయండి' అని స్పానిష్‌లో రాసేస్తారు. స్పానిష్‌లో ఈ రెండు పనులకూ వేర్వేరు క్రియలున్నాయి, కనుక ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

రెండోది పేర్ల గొలుసు. 'హై ప్రెషర్ ఫ్యూయల్ పంప్ డ్రైవ్ గేర్ కవర్ బోల్ట్'. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అసలు వస్తువు చివర వస్తుంది. మనం కూడా 'ఇంధన పంపు గేరు మూత బోల్టు' అనేస్తాం. స్పానిష్‌లో బోల్టు మొదట వచ్చి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తుంది: బోల్టు, దేనిది, మూతది, ఏ మూత, గేరుది, ఏ గేరు, పంపును తిప్పేది. ప్రతి లంకె దగ్గరా ఏది దేనికి చెందుతుందో తెలిసి ఉండాలి. ఎక్కువ పీడనం ఇంధనానిదా, పంపుదా, మూత గేరుదా, డ్రైవ్ మొత్తానిదా? డ్రాయింగ్ చూడకుండా దీన్ని సరిగ్గా చేయలేరు. మంచి అనువాదకుడు డ్రాయింగ్ అడుగుతాడు.

మూడోది సేఫ్టీ, సెక్యూరిటీ. స్పానిష్‌లో రెంటికీ 'సెగురిదాద్' ఒక్కటే మాట. కంట్రోల్ ప్యానెల్ మాన్యువల్‌లో ప్రమాదాల నుంచి రక్షణ ఒక అధ్యాయం, పాస్‌వర్డ్‌ల భద్రత ఇంకో అధ్యాయం అయితే రెంటినీ ఎలా విడదీశారో చూడాలి.

నాలుగోది సిలికాన్. ఒకటి చిప్పులు చేసే మూలకం, ఇంకోటి సందులు మూసి సీల్ చేయడానికి వాడే జిగురు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా. స్పానిష్‌లో మొదటిది 'సిలీసియో', రెండోది 'సిలికోనా'.

అయిదోది తెర మీద ఒంటరిగా ఉండే మాట: 'ఎంప్టీ'. ఖాళీ చేయమని మీటా, ట్యాంకు ఖాళీగా ఉందన్న సమాచారమా? 'ఓపెన్' కూడా అంతే. అది స్థితి అయితే స్పానిష్‌లో లింగం కూడా కావాలి. వాల్వ్ స్త్రీలింగం కనుక 'అబియెర్తా', స్విచ్ పుంలింగం కనుక 'అబియెర్తో'. సందర్భం ఇవ్వకుండా మాటను మాత్రమే ఎక్సెల్ గడిలో పెట్టి పంపండి, ఎవరు అడుగుతారో గమనించండి.

స్పానిష్ రాని మనం దీన్ని ఎలా దిద్దాలి? ముగ్గురి ప్రతులనూ, ఎవరు చేశారో చెప్పకుండా, ఆ దేశంలో ఉన్న మీ డీలర్ దగ్గర పనిచేసే టెక్నీషియన్‌కు పంపండి. "ఏది బాగుంది?" అని అడగవద్దు. "ఈ ముక్క చదివి ఏం చేస్తావో వరసగా చెప్పు" అని అడగండి. అతను చెప్పింది యంత్రం దగ్గర చేయాల్సిన పనితో సరిపోతే అనువాదం నిలబడినట్టు. అలాంటి మనిషి లేకపోతే, పోటీలో లేని నాలుగో అనువాదకుడికి డబ్బిచ్చి దిద్దించండి. ప్రతి దిద్దుబాటు పక్కన అది అర్థంలో తప్పా, పదం ఎంపికలో తప్పా, కేవలం తన అభిరుచా అని రాయించండి. అభిరుచి దిద్దుబాట్లను లెక్కలోకి తీసుకోవద్దు.

7. ధర, గడువు, ఒప్పందం

లెక్క ఇంగ్లీషు పదాల మీద కట్టించుకోండి. మూలంలో ఎన్ని పదాలున్నాయో పని మొదలయ్యేలోపే తెలుస్తుంది కాబట్టి తర్వాత గొడవ ఉండదు. మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాలకు, పాత అనువాదంతో కలిసే వాక్యాలకు ధర తగ్గించడం మామూలే. సున్నా చేయమని పట్టుబట్టకండి. పాత వాక్యం కొత్త చోట సరిపోయిందా అని చదవడం కూడా పనే.

అనుభవం ఉన్న అనువాదకులు సాధారణంగా రోజుకు 2,000 నుంచి 2,500 పదాలు చేస్తారు. 40,000 పదాల మాన్యువల్‌ను ఒక వారంలో ఒక్కరే చేస్తామంటే, అది యంత్రం చేసి పెట్టిన అనువాదమో, నలుగురికి పంచినదో అయి ఉంటుంది. రెండూ నేరాలు కావు, మీకు చెప్పకుండా చేయడమే తప్పు. యంత్ర అనువాదాన్ని మనిషి దిద్దే పద్ధతికి ఐఎస్ఓ 18587:2017 అని విడిగా ప్రమాణం ఉంది. ఆ పద్ధతి కావాలంటే అలాగే రాసుకుని, ధర కూడా దాని ప్రకారం మాట్లాడుకోండి.

ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి:

- రహస్యంగా ఉంచాలన్న నిబంధన. డ్రాయింగులను, స్పెసిఫికేషన్లను ఉచిత ఆన్‌లైన్ అనువాద పేజీల్లో అతికించకూడదని స్పష్టంగా రాయాలి.
- యంత్ర అనువాదం వాడవచ్చా లేదా
- పని చేతులు మారవచ్చా లేదా
- ట్రాన్స్‌లేషన్ మెమరీని (మూల వాక్యాలనూ వాటి అనువాదాలనూ జతలుగా దాచేది) టీఎంఎక్స్ ఫైలుగా, అంటే వేరే అనువాద సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకునే రూపంలో, పదకోశాన్ని ఎక్సెల్‌గా మీకు అప్పగించడం
- ప్రశ్నలకు మీరు ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి
- పేజీల కూర్పు అయ్యాక ఒకసారి చూసిపెట్టడం ఈ ధరలోనే ఉందా

టీఎంఎక్స్ సంగతి మర్చిపోయి బాధపడినవాళ్లను చాలామందిని చూశాను. రెండేళ్ల తర్వాత అనువాదకుడు వేరే పనికి వెళ్లిపోతే, వాళ్లు మళ్లీ మొదటి వాక్యం నుంచి డబ్బు కట్టాల్సి వచ్చింది.

8. పని మొదలైన మొదటి వారం

మొదట చేయాల్సింది పదకోశం. మాన్యువల్‌లో ఎక్కువసార్లు వచ్చే 60, 80 పదాలు తీసి, వాటికి స్పానిష్ పేర్లు ప్రతిపాదించమని అనువాదకుడిని అడగండి. ఆ దేశపు మీ డీలర్‌తో ఒకసారి సరే అనిపించుకోండి. ఆధారాల కోసం అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం వారి ఎలక్ట్రోపీడియా, ఐరోపా సమాఖ్య వారి ఐఏటీఈ, కెనడా ప్రభుత్వపు టర్మియమ్ ప్లస్ అనే ఆన్‌లైన్ పదకోశాలను ఉచితంగా చూడవచ్చు. మూడింటిలోనూ స్పానిష్ పదాలున్నాయి.

హెచ్చరిక మాటలను విడిగా కూర్చుని తేల్చండి. హెచ్చరికలకు అమెరికా ప్రమాణమైన ఏఎన్ఎస్ఐ జెడ్535 పద్ధతిలో రాసిన మాన్యువల్‌లో డేంజర్, వార్నింగ్, కాషన్, నోటీస్ అనే నాలుగు మెట్లుంటాయి. డేంజర్ అంటే తప్పించుకోకపోతే ప్రాణం పోతుంది లేదా తీవ్ర గాయం అవుతుంది. వార్నింగ్ అంటే అలా జరగవచ్చు. కాషన్ అంటే చిన్న గాయమో మోస్తరు గాయమో కావచ్చు. నోటీస్ అంటే ఆస్తి నష్టం. స్పానిష్‌లో వీటికి పెలీగ్రో, అద్వెర్తెన్సియా, ప్రెకౌసియోన్, అవీసో అని వాడతారు. కాషన్‌కు 'అతెన్సియోన్' అని రాసేవాళ్లూ ఉన్నారు. ఇక్కడొక చిక్కుంది. ఐరోపాలో రసాయనాల లేబుళ్లకు వర్తించే సీఎల్‌పీ నియంత్రణ 1272/2008లో వార్నింగ్‌కు నిర్ణయించిన స్పానిష్ మాటే 'అతెన్సియోన్'. అంటే ఒకే మాట ఒక పత్రంలో మూడో మెట్టు, దాని పక్కనే నూనె డబ్బా మీద ఇంకో మెట్టు కావచ్చు. యంత్రంతోపాటు రసాయనాలు కూడా పంపేవాళ్లు మాన్యువల్‌లో కాషన్‌కు ప్రెకౌసియోన్‌నే పట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తర్వాత అంకెలు. ఇంగ్లీషులో 1,500 అంటే పదిహేను వందలు. స్పెయిన్‌లో, అర్జెంటీనాలో దశాంశానికి కామా వాడతారు కనుక అదే అంకెను ఒకటిన్నర అని చదవవచ్చు. మెక్సికోలో బిందువు వాడుక. స్పానిష్ అకాడమీల 2010 వర్ణక్రమ నియమాలు రెంటినీ ఒప్పుకుని బిందువును సిఫారసు చేశాయి, కానీ వర్క్‌షాప్‌లో నడిచేది స్థానిక అలవాటే. దశాంశానికి ఏ గుర్తు, వేల మధ్య ఖాళీయా మరొకటా అని రాతపూర్వకంగా ఇవ్వండి. ఇంగ్లీషు 'బిలియన్' వంద కోట్లు. స్పానిష్ 'బియోన్' లక్ష కోట్లు. వెయ్యి రెట్ల తేడా. నివేదికల్లో ఇది కనిపిస్తే వెంటనే అడగాలి.

అంగుళాలను మిల్లీమీటర్లలోకి మార్చాలా వద్దా అన్నది మీ ఇంజనీరు నిర్ణయం. అనువాదకుడి మీద వదిలేయకండి.

ప్రశ్నల కోసం ఒక షీటు తెరవండి: పేజీ, వాక్యం, ప్రశ్న, జవాబు, జవాబిచ్చినవాళ్ల పేరు. మీ వైపు ఒక్క ఇంజనీరును బాధ్యుడిగా పెట్టండి. మొదటి వారంలో ఒక్క ప్రశ్న కూడా రాలేదంటే ఊరుకోకండి, ఫోన్ చేసి కనుక్కోండి.

9. వచ్చిన పనిని సరిచూడడం

స్పానిష్ రాకపోయినా మీరు చూడగలిగేవి చాలా ఉన్నాయి:

- పార్టు నంబర్లు, టార్కు విలువలు, వోల్టేజీలు, తేదీలు ఒక్కొక్కటీ మూలంతో పోల్చడం
- హెచ్చరిక పెట్టెల సంఖ్య రెండు ప్రతుల్లో ఒకటేనా
- దశల సంఖ్య, పట్టికల వరుసలు సరిపోయాయా
- బొమ్మల్లోని మాటలు, బొమ్మ కింది మాటలు కలుస్తున్నాయా
- ఒకే భాగానికి పుస్తకమంతా ఒకే పేరు ఉందా. ఎక్స్‌బెంచ్ లాంటి సాధనం దీన్ని నిమిషాల్లో పట్టిస్తుంది
- తెర మీద కనిపించే మీటల పేర్లు, మాన్యువల్‌లో రాసిన పేర్లు అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా

పేజీల కూర్పు తర్వాత మళ్లీ చూడాలి. స్పానిష్ ప్రతి ఇంగ్లీషు కంటే 20, 25 శాతం పొడవు అవుతుందని ముందే లెక్క వేసుకోండి. లేబుళ్లలో, తెర మీద మీటల్లో చివరి అక్షరాలు తెగిపోతాయి. డ్రాయింగుల్లో పాత ఫాంట్లు వాడితే 'ఎన్' అక్షరం మీద ఉండే వంకర గీత, అచ్చుల మీద గుర్తులు మాయమై ప్రశ్నార్థకాలు వస్తాయి. ఆ వంకర గీత పోతే 'సంవత్సరం' అనే మాట అసభ్యమైన శరీర భాగం పేరు అవుతుంది. తయారీ సంవత్సరం చెక్కిన ప్లేటు మీద అలా పడితే యంత్రం ఉన్నన్నాళ్లూ ఉంటుంది. అందుకే చెక్కించేముందు ప్లేటు బొమ్మను అనువాదకుడికి పంపి చూపించుకోండి.

10. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి విరుగుడు

ఆఫీసులో స్పానిష్ నేర్చుకున్నవాళ్లతో చేయించడం. వాళ్ల సాయం వేరే చోట తీసుకోండి, అంకెలూ పట్టికలూ సరిచూడడానికి. అనువాదం చేయించకండి.

గడువు దగ్గరపడిందని పుస్తకాన్ని నలుగురికి పంచడం. తప్పదనుకుంటే ముందు పదకోశం ఖాయం చేసి, అందరూ ఒకే ట్రాన్స్‌లేషన్ మెమరీ మీద పనిచేసేలా పెట్టి, చివర ఒక్కరే మొత్తం చదివేలా ఏర్పాటు చేయండి.

డీలర్ దిద్దిన ప్రతిని అలాగే అచ్చుకు పంపడం. డీలర్ దిద్దుబాట్లు అనువాదకుడి దగ్గరకు తిరిగి వెళ్లాలి. వాటిలో కొన్ని నిజంగా మేలు చేసేవి, కొన్ని పదకోశాన్ని పాడుచేసేవి. నేను చూసిన ఒక ప్రతిలో డీలర్ సగం పుస్తకంలో మాత్రమే గాస్కెట్ పేరు మార్చి అలసిపోయాడు. మిగతా సగంలో పాత పేరు ఉండిపోయింది.

అనువాదంలో తప్పు బయటపడగానే మనిషిని మార్చేయడం. మొదట ప్రశ్నల షీటు చూడండి. అతను అడిగి, మనం జవాబివ్వకపోయిన చోటే ఆ తప్పు ఉందేమో చూసుకోండి. అడగకుండా ఊహించి రాసిన తప్పులు వరుసగా కనిపిస్తే అప్పుడు మార్చండి.

11. పని అయిపోయిన రోజు

డబ్బు చెల్లించే ముందు ఇవి చేతికి అందాయో లేదో చూసుకోండి: ఆఖరి స్పానిష్ ఫైళ్లు, టీఎంఎక్స్, దిద్దిన పదకోశం, జవాబులతో నిండిన ప్రశ్నల షీటు. కూర్పు సమయంలో పీడీఎఫ్ మీద చేసిన చివరి నిమిషపు దిద్దుబాట్లు టీఎంఎక్స్‌లోకి ఎక్కాయా అని అడగండి. ఎక్కకపోతే వచ్చే ఏడాది అదే తప్పు మళ్లీ అచ్చవుతుంది.

అన్నిటినీ ఇంగ్లీషు మూలం పక్కనే, అదే సవరణ నంబరుతో దాచండి. మాన్యువల్ కొత్త సవరణ వచ్చినప్పుడు మొత్తం పుస్తకంతోపాటు మారిన చోట్లు గుర్తుపెట్టిన ప్రతి ఒకటి పంపండి. మారిన వాక్యం ఒక్కటే పంపితే, దాని ముందూ వెనకా ఏముందో తెలియక అనువాదకుడు మళ్లీ మూతను బిగించమనాలో కొత్త మూత వేయమనాలో తేల్చుకోలేని పరిస్థితిలో పడతాడు.